ప్రోబయాటిక్ వాడితే ఇన్‌హేలర్ మానేయొచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. చాలా ఏళ్లు జీడిపప్పు బట్టీల్లో పనిచేసింది, ఇంట్లో కట్టెల పొయ్యి. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని చెప్పి ఇన్‌హేలర్ ఇచ్చారు. దగ్గు ఎక్కువైనప్పుడల్లా మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేస్తున్నాం. ఆ తర్వాత విరేచనాలు, కడుపుబ్బరం. పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గడం వల్లే ఊపిరితిత్తులు పాడయ్యాయని, ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ వాడితే ఇన్‌హేలర్ అక్కర్లేదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సలహా: ఇన్‌హేలర్ మాత్రం ఆపకండమ్మా.

వాళ్లు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. మనం తిన్న పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్, ఎసిటేట్ లాంటి ఆమ్లాలను తయారుచేస్తుంది. అవి రక్తంలో కలిసి రోగనిరోధక కణాలు అతిగా రెచ్చిపోకుండా చూస్తాయి. ఆ ప్రభావం ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు సీఓపీడీ రోగుల మలాన్ని పరీక్షిస్తే, ఆరోగ్యవంతులతో పోలిస్తే బ్యాక్టీరియా తీరు వేరుగా కనిపించింది. కొన్ని స్ట్రెప్టోకాకస్ రకాలు ఎక్కువగా ఉన్నాయి. పొగ పట్టించిన ఎలుకలకు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల పేగు బ్యాక్టీరియాను ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో వాపు తగ్గింది కూడా. కానీ అది ఎలుకల్లో. మనుషుల్లో పేగు చెడి ఊపిరితిత్తులు చెడ్డాయా, పొగా మందులూ కలిసి రెండింటినీ చెడగొట్టాయా అన్నది ఇంకా తేలలేదు. ఫలానా క్యాప్సూల్‌తో ఆయాసం తగ్గుతుందని చెప్పే ఆధారమైతే లేదు.

నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఆ షాపు యాంటీబయాటిక్. కఫం ఎక్కువై, రంగు పచ్చగా మారి, ఆయాసమూ పెరిగితే అది అవసరమా కాదా అని డాక్టర్ చూస్తారు. ఊరికే దగ్గొచ్చిందని వేస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, విరేచనాలు చాలావరకు అందుకే. విరేచనాలతో పాటు జ్వరమో రక్తమో కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పేగుకు కావలసినది మీ ఇంట్లోనే ఉంది: చోడి (రాగి) అంబలి, పెరుగు, ఆకుకూరలు, పప్పు. అయితే ఒక్కసారిగా పెంచకండి. పీచు పులిస్తే గ్యాస్ వస్తుంది, పొట్ట ఉబ్బితే ఊపిరితిత్తుల కింద ఉండి శ్వాస ఆడించే కండరం, డయాఫ్రమ్, సరిగా కదలదు. సీఓపీడీలో ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుని ఆ కండరం ముందే అణిగిపోయి ఉంటుంది. అందుకే కడుపునిండా తిన్నాక ఆయాసం ఎక్కువవుతుంది. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు కాబట్టి ఆహారం మార్చేముందు ఓసారి కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కిడ్నీ సమస్య ఉంటే పప్పులు, పండ్లు, కొబ్బరినీళ్ల లెక్క వేరు.

ఇక అసలు శత్రువు పొగ. గ్యాస్ పొయ్యి ఉంటే అమ్మ వంట దానిమీదే చేయాలి. బట్టీ పని ఇంకా చేస్తుంటే మానిపించండి. ఇంకో మాట, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను: అమ్మ చుట్ట కాలుస్తారా? మన జిల్లాలో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం) తాగుతారు, డాక్టర్ దగ్గర చెప్పడానికి సిగ్గుపడతారు. అలవాటుంటే దాచొద్దు. ఊపిరితిత్తులతో పాటు అంగిలినీ చూపించాలి, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇన్‌హేలర్ పీల్చే పద్ధతి సరిగ్గా ఉందో లేదో డాక్టర్ ముందే చేసి చూపించమనండి, చాలామందికి మందు గొంతులోనే ఆగిపోతుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే పీల్చాక నోరు పుక్కిలించాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల సంగతీ అప్పుడే అడగండి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.