మణలి రిఫైనరీని అమ్మాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది చెన్నై తండయార్‌పేట. మణలి రిఫైనరీలో పనిచేస్తున్నాను. చమురు జాతి సొత్తు కాబట్టి పార్లమెంటు ఒప్పుకోకుండా ప్రభుత్వ చమురు కంపెనీలను అమ్మలేరని, 2003లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందని నేనంటాను. క్యాబినెట్ తలచుకుంటే చాలని మా బావగారి వాదన. ఎవరిది నిజం? అమ్మేస్తే మా ఉద్యోగాల సంగతేమిటి?

జవాబు: ఈ పందెం మీ బావగారిదే. యూనియన్ మీటింగులో మీ మాటకు చప్పట్లు పడతాయి కానీ, కోర్టులో నిలవదు.

చమురు వేరు, దాన్ని శుద్ధి చేసే కంపెనీ వేరు. మన సముద్ర జలాల అడుగున ఉన్న చమురు, గ్యాస్ రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం కేంద్రానివి. కృష్ణా గోదావరి గ్యాస్ గురించి అంబానీ సోదరుల కంపెనీలు కొట్లాడుకున్నప్పుడు, 2010లో సుప్రీంకోర్టు అది జాతి సంపదేనని తేల్చింది. అక్కడిదాకా మీ వాదన సరే. కానీ మణలికి వచ్చే క్రూడ్‌లో ఎక్కువ భాగం విదేశాల నుంచి ఓడల్లో దిగేదే కదా!

ఇక 2003 తీర్పు. అది హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్), భారత్ పెట్రోలియం (బీపీసీఎల్) గురించి. వీటికి మూలమైన ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ అనే విదేశీ కంపెనీల వ్యాపారాలను 1974-77 మధ్య పార్లమెంటు చట్టాలు చేసి మరీ జాతీయం చేసింది. ఆ చట్టాలను సవరించకుండానో, రద్దు చేయకుండానో ప్రైవేటుకు ఇవ్వడం కుదరదన్నది కోర్టు మాట. అంతేగాని అమ్మకమే తప్పనలేదు. తర్వాత కాలం చెల్లిన చట్టాలంటూ 2016లో కట్టలకొద్దీ రద్దు చేసినప్పుడు బీపీసీఎల్‌కు మూలమైన బర్మా షెల్ చట్టం కూడా పోయింది. ఇంత పెద్ద అడ్డు పెద్దగా చర్చ లేకుండా తొలగిపోవడం నాకైతే నచ్చలేదు. ఆ చట్టం పోయింది కాబట్టే 2019లో బీపీసీఎల్ అమ్మకానికి క్యాబినెట్ నిర్ణయమే సరిపోయింది. 2022లో ఆ ప్రయత్నం మానుకున్నారంటే కారణం కోర్టు కాదు, కొంటామన్నవాళ్లలో ఎక్కువమంది తప్పుకోవడం.

మీ రిఫైనరీకి ఆ పాత రక్షణ కూడా ఎప్పుడూ లేదు. 1965లో కేంద్ర ప్రభుత్వం, అమెరికా కంపెనీ ఆమోకో, ఇరాన్ జాతీయ చమురు కంపెనీ కలిసి మద్రాస్ రిఫైనరీస్‌ను (మీ కంపెనీ పాత పేరు) మామూలు కంపెనీగానే పెట్టాయి. 1951లో తన చమురును జాతీయం చేసుకున్న ఇరాన్ ఇక్కడ వాటాదారు కావడం చూడండి! ఇప్పుడు సగానికి పైగా వాటా ఇండియన్ ఆయిల్‌ది. జాతీయం చేసిన చట్టమే లేనప్పుడు, దాన్ని సవరించాలనే వాదనకు చోటెక్కడిది? పైగా పెట్టుబడుల ఉపసంహరణ (ప్రభుత్వ వాటాల అమ్మకం) ప్రభుత్వ విధానమని, అందులో తాము తలదూర్చబోమని 2001లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో అమ్మకం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఉద్యోగాల గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. వాటాలు చేతులు మారినా మీకు జీతమిచ్చే కంపెనీ అదే. సర్వీసు, గ్రాట్యుటీ, వేతన ఒప్పందాలు అమ్మకంతోనే రద్దయిపోవు. అయితే తర్వాత వచ్చే యాజమాన్యం వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) పెట్టకుండా ఆపే హామీ మాత్రం చట్టంలో లేదు. నిజంగా అమ్మకం మాట బయటికొస్తే, ఉద్యోగుల తొలగింపుపై ఆంక్షను వాటాల ఒప్పందంలోనే రాయించమని యూనియన్ తరఫున పెట్రోలియం శాఖకు ముందే అర్జీ ఇవ్వండి. సంతకాలయ్యాక హైకోర్టుకు వెళ్తే బాల్కో తీర్పే ఎదురొస్తుంది.