నాలుగు లేన్ల రోడ్డును మూడుకు తగ్గించి సైకిల్ లేన్ వేస్తే ట్రాఫిక్ జామ్ అవుతుందా?

చాలా రోడ్ల మీద అవదు. రోజుకు సుమారు 20,000 వాహనాల వరకు తిరిగే రోడ్డయితే ప్రయాణ సమయం సాధారణంగా పెద్దగా మారదు.

డివైడర్ లేని నాలుగు లేన్ల రోడ్డులో, ఎదురు ట్రాఫిక్‌ను దాటి పక్క వీధిలోకి తిరగాల్సిన కారు లోపలి లేన్‌లోనే ఆగిపోతుంది. వెనకాలవాళ్లు ఆగాలి, లేదా పక్క లేన్‌లోకి దూరాలి. ఆ లేన్ ఇక పేరుకే ఉన్నట్టు. మార్చాక అటొకటి, ఇటొకటి, మధ్యలో తిరిగేవాళ్ల కోసం ఒకటి ఉంటాయి. ఆగిన కారు ఎవరికీ అడ్డం కాదు.

ఉదాహరణకు ఒక్కో లేన్ 3.3 మీటర్లనుకుంటే రోడ్డు మొత్తం 13.2 మీటర్లు. మూడు లేన్లకు 9.9 పోగా, రెండు వైపులా 1.65 మీటర్ల సైకిల్ లేన్ వస్తుంది. రోడ్డు వెడల్పు చేసే పనే లేదు.

నా దృష్టిలో అసలు లాభం నడిచేవాళ్లది. ఇదివరకు ఒక కారు ఆగి దారిస్తే, దాని చాటు నుంచి పక్క లేన్‌లో ఇంకో కారు దూసుకొచ్చేది. దాటే మనిషి ఆ డ్రైవరుకు చివరి క్షణం దాకా కనపడడు. ఒక్కో వైపు ఒకే లేన్ ఉంటే ఆ ముప్పు చాలావరకు పోతుంది. అమెరికాలో ఇలా మార్చిన రోడ్లపై మొత్తం ప్రమాదాలు 19 నుంచి 47 శాతం తగ్గాయి.

లేన్లు తగ్గితే రోడ్డు సామర్థ్యం సగమైపోతుందన్నది అపోహ. ఎన్ని వాహనాలు వెళ్లగలవో ఎక్కువగా తేల్చేవి కూడళ్లు, అక్కడి సిగ్నళ్లు. రోజుకు 20,000 వాహనాల కంటే ఎక్కువ తిరిగే రోడ్లయితే ఒక్కో కూడలినీ విడిగా లెక్కగట్టాకే మార్చాలి.