గులిమి నల్లగా వస్తే షుగర్ పెరిగినట్టా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 56 ఏళ్లు. రొయ్యల చెరువుల మీద కాపలా పని. పదేళ్లుగా షుగర్ ఉంది. నెల నుంచి కుడి చెవి దురద, దిబ్బడ. పిన్నీసుతో తీస్తే గులిమి నల్లగా, తడిగా వస్తోంది. షుగర్ పెరిగితే అలా నల్లబడుతుందని మా తోడికోడలు అంటోంది. నాకైతే పొడిగా పొట్టులా రాలుతుంది. మా అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె రోజూ ఆయన చెవిలో పోస్తున్నారు. అసలు గులిమిని బట్టి జబ్బు తెలుస్తుందా?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు ఆ పిన్నీసు, నూనె గిన్నె రెండూ పక్కన పెట్టించండి.

షుగర్ ఎంతుందో గులిమి రంగు చెప్పదు, రక్తపరీక్షే చెప్పాలి. కొత్త గులిమి తేనె రంగులో ఉంటుంది. దుమ్ము, రాలిన చర్మం కలిసి, గాలి తగిలి రోజులు గడిచేకొద్దీ ముదురుతుంది. పాత గులిమి నల్లగా ఉండటం మామూలే. తడి, పొడి అనేది పుట్టుకతో వచ్చే తేడా. ఏబీసీసీ11 అనే జన్యువును బట్టి అది ఉంటుందని 2006లో జపాన్ పరిశోధకులు తేల్చారు. జపాన్, కొరియా, చైనా వాళ్లలో ఎక్కువమందికి మీలాగే పొట్టులా రాలుతుంది. మీ గురించి బెంగ అక్కర్లేదు.

మీ ఆయన సంగతి వేరు. దురద, తడి, నూనె, షుగర్ నాలుగూ ఒక్క మనిషిలో కలిశాయి. ఆ వచ్చేది గులిమి కాకపోవచ్చు, బూజు అయి ఉండొచ్చు. కాలువలకు నీళ్లు వదిలి, వానలు పట్టాక నా దగ్గరికి ఇలాంటి చెవులు వరసగా వస్తాయి. మైక్రోస్కోపు కింద చూస్తే తడిసిన న్యూస్‌పేపర్ ముద్ద మీద నల్ల నువ్వుల పొడి చల్లినట్టు ఉంటుంది. ‘నూనె పోస్తున్నారా?’ అని అడిగితే చాలామంది అవునంటారు. చెమ్మ, నూనె, గీరిన గాయం ఉన్నచోట బూజు తేలిగ్గా పాతుకుంటుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె దాని వెనకున్న మధ్య చెవిలోకే దిగుతుంది.

అత్తగారిని తప్పుపట్టకండి. మా అమ్మమ్మ కూడా నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని కోడి ఈకతో చెవి తిప్పి, గోరువెచ్చని నూనె పోసేది. ప్రేమగా చేసే పనే, చెవికి మాత్రం పడదు. మీ ఆయన చెరువు కాసినట్టే గులిమి చెవిని కాస్తుంది. దానికున్న పులుపు, జిగురు వల్ల క్రిములు త్వరగా పెరగలేవు. మాట్లాడుతూ, నములుతూ ఉంటే దవడ కదలికకు దానంతట అదే బయటకు జరుగుతుంది. పిన్నీసు పెట్టినా, ఇయర్‌బడ్ పెట్టినా లోపలికి కూరినట్టే.

చెవిలోంచి వచ్చేదాన్ని బట్టి మాకు కొన్ని సంగతులు తెలిసే మాట నిజమే. చీము కంపు కొడుతూ నెలల తరబడి కారుతుంటే లోపల ఎముకను తినే జబ్బు ఉందేమో చూస్తాం. కొబ్బరిచెట్టు మీంచో, బండి మీంచో పడి తలకు దెబ్బ తగిలాక తేటనీళ్లలాంటిది కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. అప్పుడు దూది కుక్కకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మీరు గమనించాల్సింది నొప్పి. షుగర్ ఉన్నవాళ్లలో చెవి ఇన్‌ఫెక్షన్ ఒక్కోసారి పుర్రె ఎముకలోకి పాకుతుంది. రాత్రిపూట నిద్ర పట్టనంత పోటు, నమిలితే దవడ నొప్పి ఉంటే ఆ పూటే బయల్దేరండి. మూతి పక్కకు లాగినా అంతే. దానికి వారాల తరబడి మందులు వాడాలి, ఆలస్యమైతే ప్రాణం మీదకే వస్తుంది.

నొప్పి లేకపోయినా ఈ వారం దాటనివ్వకండి. ఈఎన్‌టీ డాక్టరు చెవి చూసి, ఆ పదార్థాన్ని గొట్టంతో పీల్చి శుభ్రం చేసి, బూజుకు చుక్కల మందు రాస్తారు. నీళ్లు కొట్టి కడిగించుకోవద్దు, షుగర్ ఉన్న చెవికి అది మంచిది కాదు. అప్పటిదాకా కాలువలో మునగొద్దని చెప్పండి. తలస్నానం చేసేటప్పుడు దూదికి వేజ్‌లీన్ రాసి చెవి మొదట్లో పెట్టుకోమనండి, అయ్యాక తీసేయాలి. వెళ్లేటప్పుడు షుగర్ పరీక్ష కాగితాలు కూడా పట్టుకెళ్లండి.