ముందు సీటు వెనక భాగం చూసుకో, అమ్మలూ

చి.ల.సౌ. అమ్మలూకి,

బాబాయి ఆశీస్సులు. కారుకి పూజ చేయించిన ఫొటోలు పిన్ని చూపించింది. నిమ్మకాయలు, పూలదండ, ముందు సీట్లో కూర్చుని నవ్వుతున్న మనవడు, అన్నీ చూసి కడుపు నిండిపోయింది. కానీ సీట్ల మీద షోరూం ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. పిల్లలు పాడుచేస్తారని ఇంకా తీయలేదన్నావట. ఈ ఉత్తరం అందిన రోజే అవి తీసేయి. ఆ ప్లాస్టిక్ కింద చెమ్మ నిలిచిపోతుంది, వానాకాలం వచ్చేసరికి బూజు వాసన మొదలవుతుంది. పైగా పిల్లలు దాని మీద నిలకడగా కూర్చోలేరు, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి జారతారు.

30 ఏళ్లుగా ఆటోనగర్‌లో సీటు కవర్లు కుడుతున్నాను. పిల్లలున్న ఇంటి కారు నా దగ్గరికి వస్తే ముందు ఎక్కడ చూస్తానో తెలుసా? ముందు సీట్ల వెనక భాగం. కూర్చునే చోటు అంత త్వరగా పాడవదు. చిన్నపిల్లలకి కాళ్లు కిందికి వేలాడవు, చాచి ఉంటాయి, కాబట్టి బూట్లు నేరుగా ముందు సీటుకే తగులుతాయి. పిల్ల చైల్డ్ సీట్లో కూర్చుంటే ఇంకా దగ్గర. తన్నుతున్నారని కోప్పడకు, ఆ కాళ్లు పెట్టుకోవడానికి వాళ్లకి వేరే చోటు లేదు. ఒక మందపాటి రెక్సిన్ ముక్క పైన హెడ్‌రెస్ట్ కడ్డీలకి కట్టి, కింద ఎలాస్టిక్‌తో బిగిస్తే చాలు. మట్టి అంటితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఆ సీటు జేబులో నీళ్ల సీసాలు, బొమ్మలు కుక్కనివ్వకు. ఒకసారి ఎలాస్టిక్ సాగిందంటే జేబు నోరు తెరుచుకునే ఉంటుంది.

ఆ తర్వాత అరిగేవి డోరు గడప, వెనక సీటు అంచు. ఎక్కేటప్పుడు పిల్లలు గడప మీద కాలు పెట్టి, అక్కణ్నుంచి సీటు మీద మోకాలు వేస్తారు. గడపకి ప్లాస్టిక్ పట్టీ అతికించుకో. సీటు అంచు మీద ఒక పాత టర్కీ టవల్ పరిచి, ఎక్కాక తీసేయి. బడి సంచి మాత్రం సీటు మీద వేయనివ్వకు, కాళ్ల దగ్గరే పెట్టించు. జిప్పు కొక్కేలు, స్టీలు సీసా అడుగు, జామెట్రీ బాక్సులోంచి బయటికొచ్చిన కంపాస్ మొన, ఇవే రెక్సిన్‌కి మొదటి చిల్లు పెడతాయి. చిల్లు చిన్నగా ఉన్నప్పుడే లోపల గుడ్డ పెట్టి అతికించేయాలి. వదిలేస్తే కూర్చున్నప్పుడల్లా సాగి సాగి బెత్తెడంత చిరుగు అవుతుంది.

కవర్ల గురించి నీకు ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కొన్నేళ్ల కిందట నేను ఎంత బిగుతుగా కుడితే అంత మంచి పని అనుకునేవాణ్ని, సీటు పక్కలు కూడా మూసి కుట్టేవాణ్ని. ఒకరోజు ఒక మెకానిక్ వచ్చి ముందు సీటు పక్కనున్న చిన్న గుడ్డ ముక్క చూపించాడు. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంది. 'లోపల్నుంచి అది పేలి బయటికి రావాలి, నువ్వు దారి మూసేశావు' అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుర్తున్న కార్ల వాళ్లందరినీ పిలిపించి, డబ్బు తీసుకోకుండా కుట్లు విప్పి మళ్లీ కుట్టాను. కాబట్టి నీ సీటు పక్కన ఆ గుర్తు ఉంటే, అక్కడ తెరిచి ఉండే కవరు లేదా ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు తెగిపోయే ప్రత్యేక దారంతో కుట్టిన కవరు మాత్రమే వేయించు. కొట్టువాడికి ఈ మాట అర్థం కాకపోతే అక్కడ వేయించొద్దు. సీటు మరకలు పడితే పడనీ.

వెనక సీట్లో చైల్డ్ సీటు తగిలించే ఐసోఫిక్స్ కడ్డీలు ఉంటాయి, వీపు ఆనే భాగం, కూర్చునే భాగం కలిసేచోట. బెల్టు బకిల్స్ కూడా అక్కడే. కవరు అవి మూసేయకూడదు. బకిల్ కవరు కిందకి వెళ్లిపోయిందని పిల్లలకి బెల్టు పెట్టడమే మానేసిన ఇళ్లు చూశాను. చైల్డ్ సీటు కింద గుంటలు పడుతున్నాయని మడతపెట్టిన దుప్పటి వేయాలనిపిస్తుంది. వేయకు. గుద్దుకున్నప్పుడు ఆ దుప్పటి అణిగిపోయి బిగింపు వదులవుతుంది. చైల్డ్ సీటు కంపెనీవాళ్లు తమ పుస్తకంలో ఒప్పుకున్న పలుచని మ్యాట్ అయితే వేసుకో, లేకపోతే ఆ గుంట అలాగే ఉండనీ. సీటు తీశాక కొన్ని రోజులకి చాలావరకు లేస్తుంది.

ఇక తిండి. కార్లో ఏమీ తినకూడదని నియమం పెట్టుకోవద్దు. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా పిల్లలు నోరు కట్టుకుని కూర్చోరు. ఏం పడితే ఏం చేయాలో తెలుసుకుంటే చాలు. అన్నిటికంటే పాలు చెడ్డవి. పైకి తుడిచేసినా ఫోమ్‌లోకి దిగి మూడో రోజుకి పులిసిన వాసన కొడతాయి. పడగానే పొడి గుడ్డతో అద్దు, రుద్దకు. రుద్దితే లోపలికి వెళ్తుంది. తర్వాత చల్లని నీళ్లతో తడిపిన గుడ్డతో మళ్లీ మళ్లీ అద్దు. వేడినీళ్లు వద్దు, వేడికి పాలలోని మాంసకృత్తులు దారాల్లో పట్టుకుపోతాయి. ఆరాక వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున వాక్యూమ్‌తో లాగేయి. నేల మీద పడితే మ్యాట్ ఎత్తి కింద కార్పెట్ కూడా చూడు, వాసన అక్కణ్నుంచే వస్తుంది.

పులిహోర, ఆవకాయ అన్నం సంగతి వేరు. వాటిలో నూనె, పసుపు రెండూ ఉంటాయి. ముందు మెతుకులు చెంచాతో ఎత్తేసి, మరక మీద టాల్కం పౌడర్ చల్లి పావుగంట ఉంచు. నూనె పీల్చుకుంటుంది. దులిపేశాక గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి అద్దు. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రబడొచ్చు, టెన్షన్ పడకు. క్షార గుణానికి పసుపు అలా మారుతుంది. మంచినీళ్లతో బాగా తీసేసి, డోర్లు తెరిచి ఎండ తగలనివ్వు. పసుపు ఎండకి నిలవదు, నాలుగు రోజుల్లో పలచబడుతుంది.

తిరుమల ఘాట్, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు వాంతి అయితే కూడా పాలకి చెప్పిన పద్ధతే, కానీ ఆలస్యం చేయకు. దానిలోని ఆమ్లం రెక్సిన్ రంగు తీస్తుంది. ఒక సంచిలో రెండు పాత లుంగీ ముక్కలు, నీళ్ల సీసా, గట్టి కవర్లు ఎప్పుడూ పెట్టుకో. మలుపుల్లో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకు, బయటికి చూడమను.

బెల్టు పట్టీ పాడైతే పూర్తిగా బయటికి లాగి, గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే లోపలికి వదులు. బ్లీచింగ్, యాసిడ్ లాంటివి తగలనివ్వకు, దారం బలం పోతుంది. బకిల్‌లోకి జ్యూస్ పోయి బిగుసుకుంటే నూనె పోయొద్దు, దానికి దుమ్ము అంటుకుంటుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లు.

శానిటైజర్ సీటు మీద, డ్యాష్‌బోర్డు మీద వాడకు, పై పూత లేచిపోతుంది. పెట్రోలు, థిన్నర్ కూడా అంతే. పెన్ను గీత సబ్బుగుడ్డతో వెంటనే పోతే పోయింది, లేకపోతే ఉండనీ. దాన్ని వదిలించాలని గట్టిగా రుద్ది పెద్ద తెల్లమచ్చ చేసుకున్నవాళ్లే ఎక్కువ. మైనపు క్రేయాన్లు మాత్రం మే నెలలో కార్లో వదలకు, కరిగి గుడ్డలోకి దిగుతాయి. తలకి కొబ్బరినూనె రాసిన రోజున హెడ్‌రెస్ట్ మీద చేతిరుమాలు వేయి. సూర్యలంకో, వైజాగ్ బీచ్‌కో వెళ్తే ఎక్కే ముందు కాళ్లు కడిగించి తుడువు. ఇసుక గుడ్డని గరుకు కాగితంలా అరగదీస్తుంది.

డ్రైవర్ వైపు మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేయొద్దని అల్లుడుగారికి చెప్పు, జారి పెడల్ కింద ఇరుక్కుంటుంది.

పిల్లాడు ఏదైనా ఒలకబోస్తే అరవకు, అమ్మలూ. అరిస్తే మరుసటిసారి చెప్పకుండా దాస్తాడు, నీకు తెలిసేసరికి మరక ఎండిపోతుంది. గుడ్డ వాడి చేతికే ఇచ్చి అద్దమను.

దసరాకి వస్తారు కదా. ముందు సీటు వెనక, హెడ్‌రెస్ట్ కింది నుంచి జేబు అడుగు దాకా ఎన్ని అంగుళాలు, అడ్డంగా ఎన్ని అంగుళాలు టేపుతో కొలిచి రాసి పంపు. గోధుమ రంగు రెక్సిన్ మంచిది ఒక ముక్క తీసి ఉంచాను. మీరొచ్చేలోపు రెండు ముందు సీట్లకీ కుట్టేస్తాను. చిన్నదాని కాళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో కూడా రాయి.

మీ బాబాయి