సైకిల్ మీ ఇంట్లో ఉంది, హక్కు మాత్రం ఇంకా మీకు రాలేదు

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. 2025 జనవరిలో మా కంపెనీ ‘సైకిల్ టు వర్క్’ పథకంలో 1,800 పౌండ్ల సైకిల్ తీసుకున్నాను. పన్నెండు నెలల పాటు నెలకు 150 పౌండ్లు జీతంలోంచి తగ్గించుకునేలా ఒప్పందం. ఏడు నెలలు కట్టాక ఉద్యోగం తీసేశారు. ఆగస్టు 29న వచ్చిన ఆఖరి జీతంలో, నన్ను ఒక్క మాటైనా అడగకుండా మిగతా 750 పౌండ్లు ఒకేసారి కోసేశారు. ఇంట్లో నా భార్య ఏడో నెల గర్భవతి. రాత్రీ పగలూ చాకిరీ చేసిన కంపెనీ ఇలా చేయడం తట్టుకోలేకపోతున్నాను. ఏడాది తిరిగితే సైకిల్ నీదేనని హెచ్‌ఆర్ ఆవిడ నోటితో చెప్పింది కూడా. 750 పౌండ్లతో పాటు మనోవేదనకు పరిహారం అడగవచ్చా? సైకిల్‌ను 1,100కి కొంటానని ఒకాయన ముందుకొచ్చాడు. అమ్మేసి, మాంచెస్టర్‌లో కొత్త ఉద్యోగంలో చేరాక అదే పథకం కింద ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకుందామని ఉంది. పోయిందని రాయించి ఇన్సూరెన్స్ తీసుకోమని ఇంకో స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు. అందులో హైర్ అగ్రిమెంట్, అంటే సైకిల్ అద్దె ఒప్పందం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. మీ కేసు తేలేది మాత్రం ఆ కాగితం మీదే.

మీరు సైకిల్ కొనుక్కున్నట్టే రాశారు. కొనలేదు, అద్దెకు తీసుకున్నారు. ఈ పథకానికి ఆధారం ఆదాయపు పన్నుకు సంబంధించిన 2003 నాటి చట్టంలోని 244వ సెక్షన్. యజమాని ఉద్యోగికి సైకిల్‌ను వాడుకోవడానికి ఇవ్వాలి, యాజమాన్యం మాత్రం బదిలీ కాకూడదు. అప్పుడే పన్ను మినహాయింపు. నెలనెలా మీ పేస్లిప్‌లో తగ్గిన 150 పౌండ్లు సైకిల్ ధరకు వాయిదా కాదు. అది మీరు వదులుకున్న జీతం, దానికి బదులుగా దక్కింది సైకిల్ వాడుకునే హక్కు. మీరు 20 శాతం పన్ను కట్టేవారైతే, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్‌తో (జీతంలోంచి పోయే సామాజిక భద్రతా చందా) కలిపి 150లో 42 పౌండ్లు మీకు మిగిలాయి. అంటే నెలకు చేతినుంచి పోయింది 108 పౌండ్లే. ఆ లాభం వచ్చిందే సైకిల్ మీది కాదు కాబట్టి.

హెచ్‌ఆర్ ఆవిడ మాటను సాక్ష్యంగా పెట్టుకోకండి. ఏడాది తర్వాత సైకిల్ నీదేనని ముందే కాగితం మీద రాసిస్తే మినహాయింపుకే ఎసరు వస్తుంది. అందుకే ఏ కంపెనీ రాసివ్వదు. ఆవిడ నోటితో అన్నదాన్ని రేపు ఆవిడ ఒప్పుకున్నా మీకు ఒరిగేదేమీ లేదు.

ఇక 750 పౌండ్ల సంగతి. 1996 నాటి ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం, కోతకు చట్టం అనుమతి గానీ, ఒప్పందంలో రాతపూర్వక షరతు గానీ, ముందుగా మీరు రాసిచ్చిన అంగీకారం గానీ ఉండాలి. ఉద్యోగం మానినా, తీసేసినా మిగిలిన అద్దె మొత్తాన్ని పన్ను పోయాక చేతికొచ్చే జీతంలోంచి పట్టుకోవచ్చన్న షరతు ఈ అగ్రిమెంట్లలో మామూలుగా ఉంటుంది. మీరు సైకిల్ ఎంచుకున్న రోజున వెబ్‌సైట్‌లో ఒక గడిలో టిక్ పెట్టి ఉంటారు. చదవకుండా పెట్టిన టిక్ కూడా అంగీకారమే. ఆ షరతు ఉంటే కోత చెల్లుతుంది. మీరెంత కష్టపడి పనిచేశారన్నది, ఇంట్లో ఎలాంటి పరిస్థితి ఉందన్నది ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ లెక్కలోకి తీసుకోదు. షరతు ఉన్న పక్షంలో మీ అసలు నష్టం 750 కూడా కాదని గుర్తించండి. ఉద్యోగంలో కొనసాగినా మిగిలిన ఐదు నెలలకు 540 పోయేవి. తేడా 210 పౌండ్లు. ఉద్యోగం పోవడంతో పోయిన పన్ను లాభం అది, దానికి కంపెనీని తప్పుపట్టలేం.

షరతు లేకపోతే మాత్రం కథ మారిపోతుంది. అప్పుడు 750 మొత్తం అడగవచ్చు. మనోవేదనకు మాత్రం ఈ రకం క్లెయిములో పరిహారం ఇవ్వరు. మీ నుంచి ఇప్పుడు ఏదైనా ఫారం మీద సంతకం అడుగుతున్నారా? అడిగితే చేయకండి. కోతకు కారణమైన సంగతి జరిగిపోయాక ఇచ్చిన అంగీకారం వెనక్కి వర్తించదని అదే సెక్షన్‌లో ఉంది.

ఇక్కడ మిమ్మల్ని గట్టిగా మందలించాలి. కోత పడింది ఆగస్టు 29న. ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ, అంటే నవంబర్ 28. మీ ఉత్తరం నా దగ్గరికి వచ్చేసరికే నవంబర్ మొదటి వారం. ఇన్నాళ్లూ స్నేహితుల్ని అడిగారు, హెచ్‌ఆర్‌కు కోపంగా మెయిళ్లు పెట్టారు. అవేవీ గడువును ఆపవు. గడువు లెక్కను ఆపేది ఒక్కటే, ఉద్యోగ వివాదాల్లో రాజీ కుదిర్చే ప్రభుత్వ సంస్థ ఎకాస్‌కు ఎర్లీ కన్సిలియేషన్ (కేసుకు ముందు రాజీ ప్రయత్నం) కోసం తెలియజేయడం. ఆన్‌లైన్‌లో ఫారం, డబ్బు కట్టక్కర్లేదు. ట్రిబ్యునల్‌లోనూ ఫీజు లేదు, 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి అగ్రిమెంట్ దొరికే దాకా ఆగకుండా ఈ వారమే ఎకాస్‌కు తెలియజేయండి. షరతు ఉందని తర్వాత తేలితే విరమించుకోవచ్చు. గడువు దాటితే మాత్రం బలమైన కేసైనా చాలావరకు వినరు.

అగ్రిమెంట్ మీ దగ్గర లేదని ఉత్తరాన్ని బట్టే అర్థమైంది. ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అయ్యే పోర్టల్‌లో ఉండిపోయింది, ఆఖరి రోజున మెయిల్ మూసేశారు, అంతేనా? సంతకం పెట్టిన కాగితం నకలు సొంత మెయిల్‌కు పంపుకోవడం రెండు నిమిషాల పని. సరే, ఇప్పుడు చేయాల్సింది: కంపెనీకీ, పథకం నడిపే సంస్థకీ విడివిడిగా ‘సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్’, అంటే మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం ఇమ్మనే అర్జీ పెట్టండి. హైర్ అగ్రిమెంట్, దాని మీద మీ అంగీకారం నమోదైన తేదీ, సమయం, ఆగస్టు కోత లెక్క, ఈ మూడూ పేరుపెట్టి అడగండి. మామూలుగా నెలలోపు ఇవ్వాలి, ఉచితం. ఆ నెల గడిచే దాకా నవంబర్ 28 ఆగదు కాబట్టే ఎకాస్‌ను ముందు పెట్టాను.

అమ్మకం సంగతి సూటిగా చెబుతాను. అమ్మకానికి ప్రకటన పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి. మీది కాని వస్తువును అమ్మితే కొన్నవాడికి హక్కు దక్కదు. 1,100 పౌండ్లు తిరిగిమ్మని అతను మీ మీద పడతాడు, సైకిల్ ఏదని కంపెనీ పడుతుంది. ఇన్నాళ్లూ మీదేనని నిజంగా నమ్మారు కాబట్టి తప్పు ఉద్దేశం లేదనే అనుకుంటాను. ఈ జవాబు చదివాక అమ్మితే ఆ మాట చెప్పుకునే వీలుండదు. 1968 నాటి దొంగతనాల చట్టం కిందకు వచ్చే పని అవుతుంది.

ఇన్సూరెన్స్ సలహా ఇచ్చిన స్నేహితుడికి దూరంగా ఉండండి. ఇంట్లోనే ఉన్న సైకిల్‌ను పోయిందని రాసిస్తే 2006 నాటి ఫ్రాడ్ చట్టం కింద నేరం, గరిష్ఠంగా పదేళ్ల శిక్ష. సైకిల్‌ను తలకిందులు చేసి పెడల్ ఇరుసు కింద చూడండి, ఫ్రేమ్ మీద చెక్కిన నంబరు చాలావరకు అక్కడే కనిపిస్తుంది. చాలా షాపులు అదే నంబరును ఇన్వాయిస్‌లోనూ రాస్తాయి. ఎవరికి అమ్మినా, ఎక్కడ దాచినా దాంతో పట్టుకోవచ్చు. వీసా మీద ఉన్నవారికి ఆ శిక్ష తర్వాత పెట్టే ప్రతి దరఖాస్తులోనూ అడ్డుపడుతుంది. పుట్టబోయే బిడ్డ గురించి బెంగపడుతున్న మనిషి ఈ దారిని ఆలోచించడమే నాకు బాధగా ఉంది.

సైకిల్‌ను మీదిగా చేసుకునే సరైన దారి ఉంది. అద్దె మొత్తం ముట్టింది కాబట్టి, ఇప్పుడు ఏం చేయవచ్చో రాతపూర్వకంగా చెప్పమని పథకం నడిపే సంస్థను అడగండి. 500 పౌండ్లు, ఆ పైన ధర ఉన్న సైకిల్‌కు ఏడాది తర్వాత విలువ అసలు ధరలో 25 శాతమని హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) పట్టిక చెబుతుంది, మీ లెక్కలో 450 పౌండ్లు. రెండేళ్లకు 17 శాతం, నాలుగేళ్లకు 7 శాతం, అంటే 126. అందుకే చాలా సంస్థలు ఆ 7 శాతాన్ని డిపాజిట్‌గా తీసుకుని మరో మూడేళ్లు వాడుకోనిస్తాయి, చివర్లో ఆ డిపాజిట్‌కే సైకిల్ మీదవుతుంది. మీకూ ఆ అవకాశం ఉంటే తీసుకోండి. అప్పటిదాకా తొక్కండి, అమ్మకండి. ఈలోగా ఎవరైనా ఉచితంగా రాసిచ్చేస్తామంటే సంబరపడకండి, విలువలో తేడా మీద పన్ను పడుతుంది.

కొత్త కంపెనీలో ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోవడానికి పాతది అడ్డు కాదు, అది వేరే యజమానితో వేరే ఒప్పందం. కానీ మోటారు 250 వాట్లు, మోటారు సాయం గంటకు 15.5 మైళ్ల దగ్గర ఆగాలి. అంతకు మించితే చట్టం దృష్టిలో అది సైకిల్ కాదు, మోటారు వాహనం. పథకమూ వర్తించదు, లైసెన్సూ ఇన్సూరెన్సూ లేకుండా రోడ్డెక్కినట్టూ అవుతుంది. వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్తానని సందేహపడ్డారు. చూసేది మీ పనిదినాలను కాదు, సైకిల్ వాడకాన్ని. ఆ వాడకంలో సగానికి మించి ఆఫీసు ప్రయాణాలకే అయితే చాలు. మీరు రైల్లో వెళ్తూ, ఆ సైకిల్‌ను మీ బావమరిదికి డెలివరీ పనికి ఇద్దామనుకుంటే మాత్రం వద్దు.

ఈసారి టిక్ పెట్టే ముందు ‘ఎర్లీ టెర్మినేషన్’ (ఒప్పందం ముందుగానే ముగియడం) అన్న షరతు వెతికి చదవండి. ఉద్యోగం తీసేసినప్పుడు, మీరే మానేసినప్పుడు మిగిలిన అద్దె ఎలా పట్టుకుంటారో అందులోనే ఉంటుంది. వాయిదాల్లో కట్టే వెసులుబాటు అడిగితే కొన్ని కంపెనీలు ఇస్తాయి. చదివాక పీడీఎఫ్‌ను అదే రోజున సొంత మెయిల్‌కు పంపుకోండి.