జోగ్జాలో నిన్ను ఆటపట్టిస్తే బెదరకు

అమ్మలూ,

నువ్వు పంపిన మెసేజ్‌లన్నీ నిన్న రాత్రి కూర్చుని చదివాను. ఇండోనేషియాలోని జోగ్జా (యోగ్యకర్త) ఆఫీసులో నీతో పనిచేయబోయేవాళ్ళు ఉత్త 'పి' అనే ఒక్క అక్షరం పంపి ఊరుకుంటున్నారనీ, నువ్వేం రాసినా 'వ్‌క్‌వ్‌క్‌వ్‌క్' అంటున్నారనీ, ఒకమ్మాయైతే సాయంత్రం అయిదింటికి 'స్నానం చేశావా?' అని అడిగిందనీ రాశావు. 'నన్ను వెక్కిరిస్తున్నారా పెద్దమ్మా?' అన్నావు. కాదు తల్లీ. నువ్వింకా విమానం ఎక్కకముందే నీకు చాప పరుస్తున్నారు.

'పి' అంటే పిలుపు. బ్లాక్‌బెర్రీ ఫోన్ల రోజుల్లో అవతలివాళ్ళని కదిలించడానికి 'పింగ్' అని పంపేవాళ్ళు. ఆ ఫోన్లు పోయాయి, మొదటి అక్షరం మిగిలింది. మనం గుమ్మం ముందు నిలబడి 'ఏమండోయ్' అనడం లాంటిదే. 'వ్‌క్‌వ్‌క్' వాళ్ళ నవ్వు. అది ఎంత పొడుగుంటే అంత నవ్వారన్నమాట. 'హతి2' అని వస్తే 'హతి-హతి' అని చదువుకో, జాగ్రత్త అని అర్థం. మన 'మెల్లమెల్లగా', 'వేడివేడిగా' లాగే ఇండోనేషియా భాషలోనూ మాటను రెండుసార్లు అంటారు. రెండోసారి రాసే శ్రమ లేకుండా 2 వేస్తారు.

ఇక స్నానం సంగతి. ఆ ఉక్కకి రోజూ రెండుపూటలా పోసుకుంటారు. అందుకని 'సుదా మండి?' అన్నది మన 'భోంచేశావా?' లాంటి పలకరింపు. వీధిలో నడుస్తుంటే 'మౌ క మానా?' అని అరుగుల మీంచి అడుగుతారు. 'ఎక్కడికి?' అని. బయల్దేరేటప్పుడు ఆ మాట అడగకూడదని మనింట్లో పెరిగిన నీకు మొదట ముల్లులా గుచ్చుకుంటుంది. మేము అక్కడున్న రోజుల్లో నాకూ గుచ్చుకుంది. వాళ్ళకి నీ గమ్యంతో పని లేదు. 'జలాన్-జలాన్' అని నవ్వు, చాలు. అలా తిరిగొద్దామని, అంతే.

నిన్ను అన్నిటికంటే ఎక్కువగా అడగబోయేది పెళ్ళి గురించే. టాక్సీ అతను అడుగుతాడు, పళ్ళమ్మే ఆవిడ అడుగుతుంది, బ్యాంకులో గుమాస్తా అడుగుతాడు. అప్పుడు 'తిదాక్', అంటే 'కాలేదు, లేదు' అని కొట్టిపారేయకు. 'బెలుమ్' అను. 'ఇంకా లేదు' అని. ఆ మాటలో తలుపు తీసే ఉంటుంది. డెబ్భై ఏళ్ళ బ్రహ్మచారి కూడా అక్కడ 'బెలుమ్' అనే అంటాడు. 'కాపన్ నికా?', పెళ్ళెప్పుడు అని వెంటపడితే 'కాపన్-కాపన్' అను. 'ఎప్పుడో అప్పుడు' అని అర్థం. వాళ్ళ మాటనే రెండుసార్లు చేసి వాళ్ళకే తిరిగి ఇచ్చినట్టవుతుంది, అందరూ గొల్లున నవ్వుతారు. అమ్మలూ, నేను నీకు చెప్పాలనుకున్నదల్లా ఇదే. వాళ్ళు అడిగేది జవాబు కోసం కాదు, నీ గొంతు వినడానికి. లెక్క అప్పజెప్పినట్టు నిజం చెప్పి ఊరుకుంటే అక్కడితో మాట తెగిపోతుంది. 'గెముకాన్ యా', ఒళ్ళు చేశావే అన్నారనుకో, చిన్నబుచ్చుకోకు. 'మీ ఊరి వంట అలాంటిది మరి' అను. మళ్ళీ పిలిచి పెడతారు.

మన మాటలూ వాళ్ళ మాటలూ సంస్కృతం దగ్గర కలుసుకుని, అర్థాల దగ్గర విడిపోయాయి. దాంతో ఎంత నవ్వొస్తుందో చెప్తాను విను. 'సుఆమి' అంటే మొగుడు, 'ఇస్త్రి' అంటే పెళ్ళాం, 'కెపాలా' అంటే తల, మన కపాలమే. కొబ్బరికాయని 'కెలాపా' అంటారు. మీ పెదనాన్న ఒకసారి పరంగ్‌త్రితిస్ సముద్రం ఒడ్డున లేత కొబ్బరిబోండాం అడగబోయి 'కెపాలా ముదా' ఒకటి కొట్టివ్వమన్నారు. లేత తలకాయ! బోండాలబ్బాయి కత్తి కింద పెట్టి, చేతులు జోడించి, 'ఇంకా చిన్నవాణ్ణి పాక్ (అయ్యా), వదిలెయ్యండి' అన్నాడు. ఆ తర్వాత మేము ఎప్పుడు వెళ్ళినా మెడ పట్టుకుని నిలబడేవాడు.

మా పక్కింటి ఇబు (అమ్మగారు) రోజూ పొద్దున్నే వాసన పట్టి ఏం వండుతున్నావని గోడ మీంచి అడిగేది. దోస అన్నాను. అక్కడ 'దోసా' అంటే పాపం, మన దోషమే. 'రోజూ పొద్దున్నే పాపమా! చట్నీ కూడానా!' అని ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ మర్నాటి నుంచీ 'ఇబు, పాపం ఉడికిందా?' అన్నదే మా పలకరింపు. రెండు పాపాలు ఆకులో చుట్టి గోడ దాటించేదాన్ని, ఆవిడ వేయించిన తెంపే, పులియబెట్టిన సోయాగింజల ముక్కలు, ఇటు దాటించేది.

పేర్లు పట్టి పిలవకు. నీ ఈడు మగవాడైతే 'మస్', ఆడపిల్లయితే 'మ్బాక్', పెద్దవాళ్ళయితే 'పాక్', 'బు'. వరస కలిపాక ఎంత ఆటపట్టించినా చెల్లుతుంది. బైక్ టాక్సీ పిలిస్తే ముందు చాట్‌లో 'మ్యాప్‌లో చూపించిన చోటేనా?' అని వస్తుంది. 'ఇయా, మస్' అని రాయి. ఆ 'మస్' లేకుండా రాస్తే మాట మొరటుగా వినిపిస్తుంది.

రాత్రిళ్ళు అంగ్క్రింగాన్ బండి దగ్గర కూర్చో. బొగ్గుల మీద కెటిల్, రెండు బెంచీలు, రోడ్డు వారన చాపలు. గుప్పెడన్నం పొట్లాలుంటాయి, 'నసి కుచింగ్', పిల్లి అన్నం అంటారు. తుగు స్టేషన్ దగ్గరైతే కాఫీలో నిప్పుల మీది బొగ్గు ముక్క వేసిస్తారు. ఎన్ని పొట్లాలు తిన్నావో చివర్లో నువ్వే చెప్పి డబ్బులివ్వాలి. రిక్షా తొక్కే పెద్దాయనా, కాలేజీ కుర్రాడూ ఒకే చాప మీద మాటలు విరుస్తూ కూర్చుంటారు. 'మీ నాన్న ఫలానా పని చేస్తారా?' అని ఎవరన్నా సరదాకి అడిగితే 'కోక్ తావు?', నీకెలా తెలుసు అనాలి. 'ఎందుకంటే...' అని ఏదో తియ్యటి మాట అంటారు. పేలని జోకుని 'గరింగ్' అంటారు, అంటే కరకరలాడేది. చిల్లర జోకుని 'రెచెహ్' అంటారు, నిజంగా చిల్లర డబ్బులకి ఉన్న మాటే. నీ జోకు గరింగ్ అన్నారంటే నిన్ను కలుపుకున్నారన్నమాటే.

అయితే ఎవరి మీద నవ్వాలో తెలుసుకో. వాళ్ళ తోలుబొమ్మలాట, వాయాంగ్, తప్పక చూడు. అర్ధరాత్రి దాటాక సెమార్, గరెంగ్, పెత్రుక్, బగోంగ్ అని నలుగురు వస్తారు. పాండవుల కథే అయినా వ్యాసుడు రాయని నలుగురు. మన బొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చినట్టే. సేవకులు దొరల్ని ఆటపట్టిస్తారు. దొర సేవకుణ్ణి వెక్కిరించడం ఉండదు. జీతం నీది ఎక్కువ. బండి తోలేవాడి బండి మీద, గిన్నెలు కడిగే పిల్ల చీపురు మీద నువ్వు జోకు వేయకు. మతం మీద వద్దు, కమ్యూనిస్టుల మీద జరిగిన 1965 నాటి హత్యాకాండ ఊసే వద్దు. ఫోన్‌లో ఎవరి పరువూ తీసే రాతలు రాయకు. దానికి 2008లోనే చట్టం చేశారు.

ఇంకొక మాట. 2006 మే 27న తెల్లవారాక, ఆరు కూడా కాకముందే, జోగ్జాలో భూమి కంపించింది. అయిదు వేలకు పైగా మనుషులు పోయారు. మా వీధి అంతా టార్పాలిన్ల కింద పడుకున్నాం. గోడ కూలి కాలు విరిగిన ఒక ముసలాయన 'ఉంతుంగ్, ఒక్క కాలే' అన్నాడు. అదృష్టం, ఒకటే విరిగింది అని. పక్కాయన 'రెండో కాలుతో జలాన్-జలాన్ వెళ్దువుగాని' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళ నవ్వు విని ఎప్పుడైనా కోపమొస్తే ఆ ముసలాయన్ని తలుచుకో.

ఊరెళ్తున్నానని చెప్పగానే అక్కడ అందరూ 'ఓలే-ఓలే యా!' అంటారు. తిరిగొచ్చేటప్పుడు ఏదైనా పట్టుకురా అని. ఆఫీసుకి మొదటిరోజు ఉత్త చేతులతో వెళ్ళకు. పూతరేకులు వద్దు, పొడైపోతాయి. సున్నుండలు చేసి పెడుతున్నాను, కుడిచేత్తో ఇవ్వు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నాకు పెసరపప్పు పూర్ణం పెట్టిన బక్పియా ఒక డబ్బా.

ఓలే-ఓలే యా, అమ్మలూ. హతి2.

మీ పెద్దమ్మ