మంచంలో నల్లులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పొద్దున లేచేసరికి చేతుల మీద, మెడ మీద వరసగా దద్దుర్లు ఉంటున్నాయి. అదే మంచం మీద పడుకునే మావారికి ఒక్కటీ లేదు. ఇవి దోమలా, నల్లులా?

జవాబు: దద్దుర్లను బట్టి తేల్చడం కష్టం. నల్లి కుట్టినా కొందరి ఒంటి మీద ఏమీ కనిపించదు, కొందరికి దద్దురు రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. అందుకని ఒళ్లు వదిలేసి మంచం వెతకండి. ఒక టార్చి, ఒక పాత ఏటీఎం కార్డు చాలు.

తలవైపు నుంచి మొదలుపెట్టండి. పరుపు అంచు చుట్టూ ఉన్న కుట్టును వేలితో విప్పదీసి చూడండి, కంపెనీ చీటీ కింద కూడా. తర్వాత పరుపు ఎత్తి, పట్టె తలవైపు పలకలో కలిసే మూల, అడ్డ చెక్కల కొసలు, స్క్రూ రంధ్రాలు చూడండి. సందులో కార్డు ఆడించి బయటికి గీకితే లోపల ఉన్నది రాలుతుంది. పెన్ను సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు కనిపిస్తే తడిగుడ్డతో తుడవండి. ఎర్రటి గోధుమరంగులో అలుక్కుంటే అది నల్లి రెట్టే కావచ్చు, అంటే అరిగిన రక్తం. ఖాళీ కుబుసాలు, చెక్కకు అతుక్కున్న తెల్లటి గుడ్లు (సుమారు ఒక మిల్లీమీటరు) దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు. ఎదిగిన నల్లి 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కాగితంలా పలచగా ఉంటుంది కాబట్టి కార్డు దూరే సందులో అదీ దూరుతుంది.

ప్రశ్న: మూడుసార్లు మందు కొట్టించాం. పది రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. మందు కల్తీదా?

జవాబు: కల్తీ కాకపోవచ్చు. చాలా మందులు గుడ్లను చంపలేవు. వెచ్చటి గదిలో గుడ్డు వారం పది రోజుల్లో పొదుగుతుంది, మీరు చెబుతున్న 'పది రోజులు' అదే. రెండో విడత 10 నుంచి 14 రోజుల మధ్య పడాలి. అప్పటికి పిల్లలు బయటికొచ్చి ఉంటాయి, గుడ్లు పెట్టే వయసు ఇంకా రాదు. నెల దాటాక కొట్టిస్తే మళ్లీ మొదటికే. పైగా పైరెత్రాయిడ్ రకం మందులకు (ఇళ్లలో ఎక్కువగా వాడే ఒక రకం పురుగుమందు) నల్లులు చాలాచోట్ల తట్టుకునే శక్తి తెచ్చుకున్నాయి. రెండోసారి వేరే రకం మందు అడగండి. గదంతా పొగ నింపే డబ్బాలు దండగ. పొగ సందుల్లోకి దిగదు, నల్లులు మాత్రం పక్క గదిలోకి చెదిరిపోతాయి. బోరిక్ పౌడరూ అంతే. అది పురుగు కడుపులోకి వెళ్తేనే బాగా పనిచేస్తుంది, నల్లి రక్తం తప్ప మరేదీ తాగదు.

మందుకు ముందు చేయాల్సిన పని ఎక్కువమంది ఎగ్గొడతారు. మంచం పట్టెలు, పలకలు పూర్తిగా విప్పండి. సన్నమూతి పెట్టిన వాక్యూమ్ క్లీనర్‌తో సందులు లాగి, ఆ సంచీని వెంటనే కట్టి బయట పారేయండి. గుడ్లు గట్టిగా అతుక్కుని ఉంటాయి, వాటిని కార్డుతో గీకాలి. తర్వాత ఆవిరి యంత్రం. మూతి వెడల్పుగా ఉండాలి, సన్నటి ధార అయితే నల్లుల్ని ఎగరగొడుతుంది. అడుగు పొడవుకు కనీసం పది సెకన్లు పట్టేలా నింపాదిగా జరపండి. తొందరపడితే పైపైన తడుస్తుంది గానీ లోపల వేడి చేరదు. ఆవిరి పట్టిన వెంటనే చెక్క 70 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. ప్లగ్గులు, వైర్లున్న చోట ఆవిరి వద్దు.

సోఫా అయితే తలకిందులు చేసి, అడుగున కొట్టిన పలచటి గుడ్డను స్టేపుల్ పిన్నులతో సహా ఊడదీయండి. నల్లులు ఆ పిన్నుల మడతల్లోనే కాపురం పెడతాయి. ఆ గుడ్డను తిరిగి వాడకండి.

దుప్పట్లు, దిండు గలేబులు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేని వాటిని డ్రయ్యర్‌లో బాగా వేడి మీద అరగంట తిప్పినా చాలు.

ప్రశ్న: పరుపును మండుటెండలో వేస్తే చావవా?

జవాబు: పైన కాలుతుంది, నడుమ చల్లగానే ఉంటుంది. నల్లులు లోపలికి జరుగుతాయి. దానికన్నా జిప్పు ఉన్న, చిరుగులు లేని తొడుగులో పరుపును మూసేసి ఏడాది దాకా విప్పకండి. నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది.

ప్రశ్న: కిరసనాయిలు పూస్తే?

జవాబు: వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు, మంచమే కాదు ఇల్లే అంటుకుంటుంది.

ప్రశ్న: పూర్తిగా పోయాయని ఎప్పుడు అనుకోవచ్చు? అప్పటిదాకా వేరే గదిలో పడుకోవాలా?

జవాబు: గది మారకండి, మిమ్మల్ని వెతుక్కుంటూ అవీ వస్తాయి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా చూసుకోండి. నల్లి ఎగరలేదు, దూకలేదు, మంచం కోళ్ల మీదుగానే ఎక్కాలి. ఒక్కో కోడు కింద లోపలి గోడ నున్నగా ఉన్న ప్లాస్టిక్ గిన్నె పెట్టి, ఆ గోడకు కాస్త టాల్కం పౌడరు రుద్దండి. పడినది జారిపోతుంది, పైకి రాలేదు. పాత మచ్చలన్నీ తుడిచేస్తే కొత్తవి ఇట్టే తెలుస్తాయి. వారానికోసారి గిన్నెలు చూడండి. రెండు నెలలపాటు గిన్నెలో నల్లి గానీ, కుట్టు మీద కొత్త మచ్చ గానీ లేకపోతే పోయినట్టే.